పొరుగూరితో పోటీ
(మన సంఘ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



నేటి ప్రసంగమునకు విషయమును నేను వెదకుకొనలేదు. అది మా యింటనే దొరికినది. నా మనుమరాలు ఈ ఊరి కళాశాలలో చదువుచు వాలీబాలు ఆడుచున్నది. దాని మేనత్త కూతురు కుప్పములో చదువుచు అదే ఆట ఆడుచున్నది. సంక్రాంతికి ఇద్దరును మా యింట కలిసినప్పుడు మనుమరాలు నన్ను అడిగినది: "తాతా, నేనూ వదినా మన పెరట్లో తప్ప మైదానంలో ఎదురెదురుగా ఆడేది ఎప్పుడు?"

మారికుప్పములో రైలెక్కి, బంగారుపేటలో బండి మారి, కామసముద్రము, బిసానత్తము, గుడుపల్లె దాటినచో కుప్పమే. ఉదయము పోయి సాయంత్రమునకు తిరిగి రాదగిన ఊరు. మన ఇండ్లలో సగము అక్కడివారికి పిల్లనిచ్చినవి, లేదా అక్కడినుండి పిల్లను తెచ్చుకొన్నవి. అట్టి ఊరి పిల్లతో ఆడుటకు అడ్డమేమి? ఆలోచించిన కొలది ఆ ప్రశ్న పెద్దదగుచు వచ్చినది.

మన కళాశాలలు ఎవరితో ఆడవలెనో మన ఊరివారు ఎన్నడును నిర్ణయించి యెరుగరు. 1916లో స్థాపితమైన మైసూరు విశ్వవిద్యాలయము ఈ సీమకు మొదటి నీడ. 1964లో వెలసిన బెంగుళూరు విశ్వవిద్యాలయము కిందికి మన జిల్లా ఆ పిమ్మట వచ్చినది. 1998లో విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయము ఏర్పడగా ఇంజనీరింగు కళాశాలలు బెళగావి వైపు తిరిగినవి. 2017లో బెంగుళూరు విశ్వవిద్యాలయము మూడుగా విడిపోగా, మన డిగ్రీ కళాశాలలు కోలారు చెంత టమక కేంద్రముగా ఏర్పడిన బెంగుళూరు ఉత్తర విశ్వవిద్యాలయమునకు చేరినవి. ఇట్టి మార్పు జరిగినప్పుడెల్ల అంతర కళాశాల పోటీల పట్టిక మారును. పాత ప్రత్యర్థులు పోయి కొత్తవారు వత్తురు. నేడు ఒకే యింట డిగ్రీ చదువు అన్నయు, ఇంజనీరింగు చదువు తమ్ముడును రెండు విశ్వవిద్యాలయముల పోటీలలో ఆడుచున్నారు.

కుప్పము సంగతి వేరు. 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు మన జిల్లా మైసూరు రాష్ట్రమునను, కుప్పము ఆంధ్రప్రదేశమునను నిలిచినవి. ఆ వైపున 1954లో తిరుపతియందు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమును, 1997లో కుప్పమునందే ద్రావిడ విశ్వవిద్యాలయమును వెలసినవి. మా పిల్లలిద్దరు మైదానమున ఎదురుపడవలెనన్నచో, ఇరువురును తమ తమ విశ్వవిద్యాలయ జట్లకు ఎన్నిక కావలెను. ఆ జట్లు దక్షిణ మండల పోటీలకు పోవలెను. అక్కడ ఒకదానికొకటి తటస్థపడవలెను. పూటలోపలి ప్రయాణమునకు ఇంత చుట్టుదారి!

మన వద్ద ఈ గీతలు ప్రభుత్వపు ఉత్తరువులతో మారినవి. అమెరికాలో ఇటీవల అవే గీతలు ధనముతో మారినవి. అచ్చట విశ్వవిద్యాలయములు సమాఖ్యలుగా ఏర్పడి తమలో తాము పోటీపడుట వాడుక. ఆ సమాఖ్యలు తొలుత ఇరుగుపొరుగును బట్టి పుట్టినవి. అయితే వారి ఫుట్‌బాలు ఆటకు ప్రేక్షకులు కోట్లమంది. 1984లో ఆ దేశపు సుప్రీంకోర్టు, ఆ ఆటల ప్రసారముపై జాతీయ కళాశాలా క్రీడాసంఘమునకు గల గుత్తాధికారము చెల్లదని తీర్పు చెప్పినది. నాటినుండి ఎవరి ప్రసారహక్కులను వారే అమ్ముకొన మొదలిడిరి. 2022లో "బిగ్ టెన్" అను సమాఖ్య ఏడేండ్ల ప్రసారమునకు 700 కోట్ల డాలర్లకు పైగా ఒప్పందము కుదుర్చుకొన్నది.

అంతట పసిఫిక్ తీరమున 1915లో పుట్టిన "పాక్ ట్వెల్వ్" సమాఖ్య కూలినది. లాస్ ఏంజిలిస్ నగరపు రెండు విశ్వవిద్యాలయములు 2022లో తాము వెడలిపోవుచున్నట్లు ప్రకటించినవి. మరుసటి సంవత్సరము మిగిలినవి ఒక్కొక్కటిగా కదలినవి. పన్నెండింటిలో పది వెడలిపోయి, వాషింగ్టన్ స్టేట్, ఆరెగాన్ స్టేట్ అను రెండు మాత్రము మిగిలినవి. పసిఫిక్ ఒడ్డునగల స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ విశ్వవిద్యాలయములు అట్లాంటిక్ తీరపు సమాఖ్యలో చేరుట వినుటకే వింత. డల్లాసులోని సదరన్ మెథడిస్టు విశ్వవిద్యాలయమైతే, తొమ్మిదేండ్లపాటు టెలివిజన్ ధనములో తన వాటా విడిచిపెట్టుటకు ఒప్పుకొని మరీ చేరినది. పెద్దల పంక్తిలో చోటు దొరకుటయే చాలునని కాబోలు!

ఆ ధనము చెడ్డదని నేను అనను. ఫుట్‌బాలు తెచ్చు రాబడితోనే అచ్చట ఈత, పరుగు, వాలీబాలు వంటి ఆటలు, అందు ఆడపిల్లల ఆటలు, ఎన్నియో నిలిచియున్నవి. ఏండ్లతరబడి వాటా ఎరుగని ఆటగాండ్రకు విశ్వవిద్యాలయములే నేరుగా సొమ్ము చెల్లించుటకు 2025లో న్యాయస్థానము ఆమోదించిన ఒప్పందము దారి తీసినది. అది న్యాయమే. కాని ఫుట్‌బాలు కొరకు గీసిన గీత వాలీబాలు ఆడు పిల్లను కూడ రెండువేల మైళ్లకు పైగా విమానములో త్రిప్పుచున్నది. ఆమె చదువునకు మిగులు వేళ యెంత? ఆ లెక్క ఎవరడిగినారు?

మన దేశమున టెలివిజన్ ధనము వేరొక దారి పట్టినది. ఒకప్పుడు విశ్వవిద్యాలయముల క్రికెట్టుకు మంచి మన్నన యుండెను. 1935లో ఆరంభమైన రోహింటన్ బారియా ట్రోఫీకై విశ్వవిద్యాలయములు పోటీపడెడివి. మండలముల జట్ల పోటీకి మన విజయనగరపు విజ్జీ పేరిట ట్రోఫీ ఏర్పడినది. సునీల్ గవాస్కర్ వంటివారు బొంబాయి విశ్వవిద్యాలయ పక్షమున ఆడి పైకి వచ్చినవారే. నేడు 2023 మొదలు 2027 వరకు ఐపీఎల్ ప్రసారహక్కులే 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయినవి. కళాశాల మైదానమునకు ఆ ప్రవాహము నుండి ఒక కాలువయైనను రాలేదు. 2020లో మొదలైన ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు మేలే చేయుచున్నవి. కాని అవి ఎన్నికైన కొందరికే.

ఇతరుల ధనముపై నిలిచిన ఆట యెట్లుండునో ఈ ఊరివారికి ఎవరును చెప్పనక్కరలేదు. చాంపియన్ రీఫ్, నందిదుర్గ, మైసూరు గనులు నడిచినంతకాలము మైదానములు, క్లబ్బులు గనుల అండన వర్ధిల్లినవి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. జీతములతో పాటు మైదానము చదును చేయు చేయియు పోయినది. ఆట మీద మనకు ప్రేమ తరిగి కాదు. మైదానము మనదని మనము ఎన్నడును బాధ్యత వహింపనందున.

ఈ సందర్భమున, విడువబడిన ఆ వాషింగ్టన్ స్టేట్ ఏమి చేసినదో వినుడు. అది పుల్మన్ అను చిన్న ఊరిలో, గోధుమ పొలముల నడుమ ఉన్నది. సియాటిల్ నగరపు వాషింగ్టన్ విశ్వవిద్యాలయముతో దానికి 1900 నుండి పోటీ. నగరపు జట్టు పెద్ద సమాఖ్యకు పోయినను, ఇరువురును కూర్చుండి, సమాఖ్యతో నిమిత్తము లేకయే ఏటేట ఆడుదుమని వేరుగా ఒప్పందము చేసికొనిరి. 2024లో ఆ ఆట జరిగినది. 24-19తో గెలిచినది పుల్మన్ జట్టే. మరియు మిగిలిన ఆ రెండు విశ్వవిద్యాలయములు విలపించుచు కూర్చుండక, ఇతరులను కూడగట్టి సమాఖ్యను తిరిగి నిలుపుటకు పూనుకొన్నవి.

గీతలు గీయువారు గీయుచునే యుందురు. అది మన చేతిలో లేదు. పొరుగువారిని ఆటకు పిలుచుట మాత్రము మన చేతిలోనిదే. కావున సంఘమువారికి నా మనవి ఇది. ఏటికి ఒక్క దినము, పరీక్షలు లేని వేళ, మన ఊరి కళాశాలల జట్లను, కుప్పపు జట్లను స్నేహపూర్వకముగా ఆడింతము. ఒక ఏడు ఇక్కడ, ఒక ఏడు అక్కడ. మొదట వాలీబాలు, కబడ్డీ చాలును. ఆడపిల్లల పోటీ తప్పక ఉండవలెను. ప్రిన్సిపాళ్ల అనుమతిని ముందుగా వ్రాతపూర్వకముగా పొందవలెను. వచ్చిన పిల్లలకు మన ఇండ్లలోనే భోజనము. పెద్ద బహుమానములు వలదు. బహుమానము కొరకు పెద్ద దాతను వెదకితిమా, మరుసటి ఏట ఆట ఎక్కడ జరుగవలెనో అతడే చెప్పును.

ఇది తెలుగువారి జట్టు, తెలుగువారి పోటీ యని ఎవరును తలపరాదు. మన కళాశాలలలో కన్నడము, తమిళము, ఉర్దూ మాటాడు పిల్లలు మన పిల్లల ప్రక్కనే ఆడుచున్నారు. జట్టు కళాశాలది. పిలుపు మాత్రము మనది.

ఖర్చు ఎవరు భరింతురని కొందరు అడుగవచ్చును. రైలు ఛార్జీలు, రెండు బంతులు, ఒక వల, మైదానమునకు సున్నపు గీతలు, ఒక పూట అన్నము: ఇంతియే. మొదటి సంవత్సరపు బంతులు, వల నేను తెచ్చెదను. సున్నము వేయుటకు చేతులు కావలెను. అది డబ్బుతో కొనునది కాదు.

పెరటిలో ఆడుకొన్న ఆ పిల్లలిద్దరు మైదానమున వలకు చెరియొక వైపున నిలుచుట నా కన్నుల చూడవలెనని నా కోరిక. ఎవరు గెలిచినను నాకు మనుమరాలే గెలిచినట్లు. మీ నిర్ణయమును వచ్చే సమావేశమున తెలుపగోరుచు సెలవు తీసికొనుచున్నాను.