గోల్ ముందు నిలబడే ఆడపిల్ల

(అనంతపురంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఆడపిల్లలూ ఆటలూ అనే విషయం మీద మాట్లాడమన్నారు. పొద్దుట్నించీ మనం భూమి పట్టాల గురించీ, కూలి రేట్ల గురించీ, బెంగుళూరు వలసల గురించీ, గృహహింస కేసుల గురించీ మాట్లాడుకున్నాం. వీటన్నిటి తర్వాత ఆటలంటే, భోజనాలయ్యాక నిద్ర రాకుండా ఒక తేలికపాటి విషయం పెట్టారని మీలో కొందరికైనా అనిపించి ఉంటుంది. నాకలా అనిపించదు. ఎందుకో ఒక చిన్న సంగతితో మొదలుపెడతాను.

కొన్నేళ్ళ క్రితం ఒక మండల కేంద్రంలోని హైస్కూలుకి వేరే పని మీద వెళ్ళాను. సాయంత్రం ఆడపిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. గ్రౌండంటే మన గ్రౌండే, ఎర్ర నేల, గరుసు, గులకరాళ్ళు. గోల్ దగ్గర ఒక పొడుగాటి పిల్ల నిలబడి ఉంది. చేతులకి గ్లౌజులు లేవు, పాత తువ్వాలు చింపి చుట్టుకుంది. బంతి వచ్చినప్పుడల్లా ఆ రాళ్ళ మీద దబ్బున పడుతోంది, లేస్తోంది, మోచేతులు దులుపుకుంటోంది. ఆట అయ్యాక పలకరించాను. పదో తరగతి అన్నది. కాలేజీ టీముకి ఆడాలని ఉందన్నది. మరుసటి ఏడు వెళితే ఆ పిల్ల లేదు. పెళ్ళి చూపులు జరుగుతున్నాయనీ, చదువు మాన్పించారనీ చెప్పారు. ఇంటికి వెళ్ళాను. వాళ్ళ నాయన కోపంగా ఏమీ మాట్లాడలేదు. ఒక్క మాట అడిగాడు: "అమ్మా, ఆ ఆటలో పడి మోకాలు విరిగితే ఆ పిల్లనెవరు చేసుకుంటారు? ఆస్పత్రి ఖర్చు ఎవరు పెడతారు? మీరు పెడతారా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న చుట్టూనే ఈ రోజు మాట్లాడతాను.

గోల్‌కీపర్ పని ఏమిటో తెలియని వాళ్ళకి రెండు మాటలు. ఇరవై నాలుగు అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు ఉన్న గోల్‌ని ఒక్క మనిషి కాపాడాలి. టీములో పదకొండు మంది ఉన్నా ఆటలో ఉన్న బంతిని చేత్తో పట్టే హక్కు ఆమె ఒక్కదానికే ఉంటుంది, అదీ తన పెనాల్టీ ప్రాంతంలోనే. పది బంతులు ఆపితే ఎవరికీ గుర్తుండదు, ఒక్కటి వదిలితే ఊరంతా గుర్తుంచుకుంటుంది. ఇల్లు నడిపే ఆడవాళ్ళకి ఈ లెక్క కొత్తదేం కాదు. ఇంకొక్క సంగతి ఉంది. గోల్‌కీపర్‌కి కింద పడటమే విద్య. నడవడం నేర్చిన దగ్గర్నించీ "పడతావు జాగ్రత్త, దెబ్బ తగిలితే మచ్చ పడుతుంది" అని మనం ఆడపిల్లకి నేర్పేదానికి ఇది పూర్తిగా ఎదురు.

ఈ విద్యని పట్టుకుని చాలా దూరం వెళ్ళిన ఒక అమ్మాయి కథ చెబుతాను. ఆమె పేరు అదితి చౌహాన్. 1992లో మద్రాసులో పుట్టి ఢిల్లీలో పెరిగింది. చిన్నప్పుడు కరాటే, బాస్కెట్‌బాల్ నేర్చుకుంది. పదిహేనేళ్ళ వయసులో ఫుట్‌బాల్‌కి వచ్చి గోల్‌లో నిలబడింది. ఢిల్లీకి ఆడి, తర్వాత భారత జట్టుకి ఆడింది. పై చదువుకి ఇంగ్లండులోని లఫ్‌బరో యూనివర్సిటీకి వెళ్ళి, చదువుతోపాటు ఆట కూడా సాగించింది. 2015లో వెస్ట్ హామ్ క్లబ్బు మహిళా జట్టులో చేరింది. ఇంగ్లండు లీగులో ఆడిన మొదటి భారతీయ మహిళ ఆమే. మొదటి మ్యాచ్‌లో ఆమె జట్టు 5-0తో ఓడిపోయింది. ఇది కావాలనే చెబుతున్నాను. అయిదు గోల్స్ పడ్డ తర్వాత కూడా మళ్ళీ వెళ్ళి అదే గోల్ ముందు నిలబడింది. 2016లో షిల్లాంగ్‌లో దక్షిణాసియా క్రీడల స్వర్ణం, 2019లో సాఫ్ ఛాంపియన్‌షిప్ గెలిచిన భారత జట్లలో ఉంది. మధ్యలో మోకాలి లిగమెంటు గాయాలు ఆమెని చాలాకాలం ఆటకి దూరం చేశాయి. కోలుకుని మళ్ళీ వచ్చింది. ఆడపిల్లల కోసం ఒక ఫుట్‌బాల్ అకాడమీ పెట్టింది. దేశం తరఫున 57 మ్యాచ్‌లు ఆడి 2025 జులైలో ఆట నుంచి విరమించింది.

ఈ కథ విని "అది ఢిల్లీ అమ్మాయి, ఇంగ్లండులో చదివిన అమ్మాయి, మన పిల్లలకెక్కడ కుదురుతుంది?" అని మీరనవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ రెండు సంగతులు గమనించండి. ఆమెకీ మోకాలే దెబ్బతింది. ఆ మండలంలోని తండ్రి దేనికి భయపడ్డాడో సరిగ్గా అదే జరిగింది. అయినా ఆమె బతుకు అక్కడ ఆగిపోలేదు. వైద్యం దొరికింది, వేచి చూసే వీలు దొరికింది, చేతిలో చదువు ఉంది. అంటే భయపడాల్సింది దెబ్బకి కాదు, దెబ్బ తగిలాక ఆదుకునే దిక్కు లేకపోవడానికి. ఆ దిక్కు పుట్టుకతో కొందరికి ఉంటుంది, మన పిల్లలకి ఉండదు. ఆ తేడా గురించే మనం పోట్లాడాలి.

అలాగని సంపన్న దేశాల్లో ఆడవాళ్ళకి అన్నీ అమరి ఉన్నాయనుకోవద్దు. ఇంగ్లండులో 1920 డిసెంబరులో ఫ్యాక్టరీ కార్మిక స్త్రీలతో మొదలైన ఒక జట్టు లివర్‌పూల్‌లో ఆడితే 53,000 మంది చూడటానికి వచ్చారు. సరిగ్గా మరుసటి ఏడు, 1921 డిసెంబరులో, ఫుట్‌బాల్ ఆడవాళ్ళకి తగిన ఆట కాదని అక్కడి సంఘం తీర్మానించి తన మైదానాలన్నిటినీ వాళ్ళకి మూసేసింది. ఆ నిషేధం దాదాపు యాభై ఏళ్ళు నడిచింది. అమెరికాలో 1972లో ప్రభుత్వ డబ్బు తీసుకునే విద్యా సంస్థల్లో ఆడా మగా తేడా చూపకూడదని చట్టం వచ్చాకే కాలేజీ ఆడపిల్లలకి ఆటల్లో డబ్బూ, మైదానమూ దొరకడం మొదలైంది. మసాచుసెట్స్ యూనివర్సిటీ గోల్‌కీపర్‌గా ఎదిగిన బ్రియానా స్కరీ అనే నల్లజాతి యువతి 1999 ప్రపంచ కప్పు ఫైనల్లో తొంభై వేల మంది ముందు చైనా పెనాల్టీని ఆపి తన దేశాన్ని గెలిపించింది. అంతటి మనిషికీ 2010లో తలకి దెబ్బ తగిలి ఆట ముగిసింది. వైద్యం కోసం, బతుకు కోసం తిప్పలు పడి, చివరికి తన ఒలింపిక్ స్వర్ణ పతకాలు తాకట్టు పెట్టుకోవాల్సి వచ్చింది. తర్వాత కోలుకుంది, పతకాలు తిరిగి వచ్చాయి, 2017లో గౌరవమూ దక్కింది. కానీ అక్కడ కూడా ఆ తండ్రి ప్రశ్న అలాగే నిలబడి ఉందని మనం గుర్తించాలి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మన నార్పల మండలం బండ్లపల్లి మీ అందరికీ తెలుసు. 2006 ఫిబ్రవరి 2న గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని దేశానికంతా ప్రారంభించింది ఆ ఊళ్ళోనే. అదే బండ్లపల్లి రైతు కుటుంబంలో పుట్టిన బారెడ్డి అనూష 2023 జులైలో బంగ్లాదేశ్‌లో భారత మహిళా క్రికెట్ జట్టుకి ఆడింది. ఆ ఏడు సెప్టెంబరులో ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులో కూడా ఉంది. ఫుట్‌బాల్‌లో చూస్తే, నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండాలో పుట్టిన లంబాడా అమ్మాయి గుగులోతు సౌమ్య తెలంగాణ నుంచి భారత సీనియర్ మహిళా జట్టుకి చేరిన మొదటి క్రీడాకారిణి. 2022లో క్రొయేషియా క్లబ్బుకి వెళ్ళింది. 2025లో జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెని దేశంలో ఉత్తమ మహిళా క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. అదే జులైలో భారత జట్టు థాయిలాండ్‌ని వాళ్ళ గడ్డ మీదే 2-1తో ఓడించి ఆసియా కప్పుకి అర్హత పోటీల ద్వారా మొట్టమొదటిసారి చేరింది. ఆ గెలుపులో గోల్ కాపాడింది మణిపూర్ అమ్మాయి పంథోయ్ చాను. తండా నుంచీ, మెట్ట పల్లె నుంచీ ఇక్కడిదాకా రావచ్చని వీళ్ళు చూపించారు.

వీళ్ళని "ఆణిముత్యాలు" అని పొగిడి, శాలువా కప్పి, ఫోటో తీసుకుని ఊరుకోవడం మనకి అలవాటు. నేను మిమ్మల్ని అడిగేది వేరు. ఒక్క అనూష వెనక, గ్రౌండు దాకా రాకుండానే ఆగిపోయిన పిల్లలు ఎంతమంది? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయింది. 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం లేని పిల్ల ఎంతసేపు పరిగెత్తగలదు? పదహారేళ్ళకి పెళ్ళయిన పిల్ల ఏ కాలేజీ టీముకి ఆడగలదు? ఆటల్లో మన పిల్లలు వెనకబడటానికి కారణం మైదానంలో లేదు, వంటింట్లో, పెళ్ళి పందిట్లో ఉంది.

ఇక్కడ మనలో మనకే ఒక తగువు ఉంది, దాన్ని దాచకూడదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని జిల్లా ఇది. చెనక్కాయ పంట ఎండి, బోర్లు ఎండి, బిందె నీళ్ళకి ఆడవాళ్ళు క్యూ కట్టే చోట ఆట మైదానానికి నీళ్ళు పోయమంటామా? పోసిన గడ్డి మీద ఆడేది మగపిల్లలైతే, ఆ నీళ్ళు మోసేది మళ్ళీ ఆడపిల్లలే కదా? నిజమే. కానీ పిల్ల పడి లేవడానికి పచ్చగడ్డే కావాలని ఎవరన్నారు? గోల్ ముందు రాళ్ళు ఏరి, నేల గుల్లచేసి, ఇసుకో మెత్తటి మట్టో పరిస్తే చాలు. గరిడీల్లో పహిల్వాన్లు శతాబ్దాలుగా చేసింది అదే. మగవాళ్ళ కుస్తీకి మట్టి గుల్ల చేయడం వచ్చిన ఊళ్ళకి ఆడపిల్లల ఆటకి చేయడం రాదా? 1969 నుంచి ఈ జిల్లాలో పనిచేస్తూ వచ్చిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు అనంతపురంలో క్రీడా గ్రామం కట్టింది. 2010లో రఫెల్ నాదల్ సంస్థతో కలిసి అక్కడ టెన్నిస్ బడి కూడా మొదలైంది. కరువు నేల మీద కూడా ఇది సాధ్యమేనని మనం చూశాం. అయితే ఒక్క క్రీడా గ్రామం అన్ని ఊళ్ళకీ సరిపోదు. హక్కు అనేది ఒక సంస్థ దయగా మిగిలిపోకూడదు.

ఇది హక్కేనా అంటే, అవును. స్త్రీల పట్ల అన్ని రకాల వివక్షలనీ నిర్మూలించాలన్న ఐక్యరాజ్య సమితి ఒప్పందాన్ని మన దేశం 1993లో ఆమోదించింది. దాని పదో అధికరణం చదువులో భాగంగా ఆటల్లో సమాన అవకాశం ఉండాలంటుంది. పదమూడో అధికరణం వినోదంలో, క్రీడల్లో పాల్గొనే హక్కు గురించి చెబుతుంది. మనం ఆస్తి హక్కుకీ, విద్యా హక్కుకీ ఈ ఒప్పందాన్ని చూపిస్తాం గానీ ఈ రెండు వాక్యాలు ఎవరూ చదవరు.

కాబట్టి మన సంఘాలు చేయాల్సిన పనులు కొన్ని సూచిస్తాను. ఒకటి, మీ ఊరి బడి గ్రౌండు సాయంత్రం ఎవరి చేతిలో ఉంటోందో నెల రోజులు రాసి పెట్టండి. వారానికి కనీసం మూడు రోజులు ఆడపిల్లలకి కేటాయించమని ఆ కాగితంతోనే అడగండి. రెండు, మరుగుదొడ్డి, నీళ్ళు, ముట్టు రోజుల్లో గుడ్డలు మార్చుకునే చోటు లేని బడిలో ఆటల గురించి మాట్లాడటం మోసం. అది ముందు సాధించాలి. మూడు, మహిళా వ్యాయామ ఉపాధ్యాయురాలు కావాలి. 2013 చట్టం ప్రకారం ఫిర్యాదుల కమిటీ ప్రతి క్రీడా సంస్థలో ఉండాలి. 2023 జనవరిలో మల్లయోధురాళ్ళు ఢిల్లీ వీధిలో ఎందుకు కూర్చోవాల్సి వచ్చిందో మరిచిపోవద్దు. నాలుగు, పోటీలకి వెళ్ళే ప్రతి పిల్లకీ గాయాల బీమా ఉండాలి. అది లేకుండా సంతకం పెట్టమని ఏ తల్లిదండ్రుల్నీ మనం అడగకూడదు. అయిదు, పదో తరగతి తర్వాత ఆ పిల్ల ఎక్కడికి వెళుతోందో పట్టించుకోవాలి. జాతీయ సమాఖ్య 2023లో మహిళా లీగు క్లబ్బులు కనీసం పదిమంది భారతీయ క్రీడాకారిణులకి ఏడాదికి 3 లక్షల 20 వేల రూపాయలకి తగ్గకుండా ఒప్పందం ఇవ్వాలని నిర్ణయించింది. అది పెద్ద మొత్తమేం కాదు. అయినా ఆటకి కూలి ఉందని మొదటిసారి ఒప్పుకున్నారు. ఆ మాట తల్లిదండ్రుల దాకా చేరాలి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం ముందు నిలబడ్డప్పుడు వాళ్ళ దగ్గర కూడా డబ్బు లేదు, అధికారం లేదు. కదలకుండా నిలబడ్డారు, అంతే. గోల్‌కీపర్ చేసేదీ అదే. కాకపోతే ఆమె ఒక్కతే నిలబడితే ఎప్పుడో ఒకసారి దెబ్బ తగులుతుంది. వెనక మనం ఉన్నామా లేదా అన్నదే తేడా.

ఆ తండ్రి అడిగిన ప్రశ్నకి ఆ రోజు నేను తలొంచుకుని వచ్చేశాను. ఆ పిల్లకి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఈ మధ్య ఒక జాతరలో కనిపించింది. చంకలో ఆడపిల్ల ఉంది. "ఇంకా ఆ గ్రౌండులో ఆడుతున్నారా అక్కా?" అని అడిగింది. ఆడుతున్నారన్నాను. "రాళ్ళు ఏరించండి" అన్నది.

ఈ సమావేశం తర్వాత మనం మొదట చేయాల్సిన పని అదే అనుకుంటున్నాను.