ఆసా పాదములు

నేటి వాక్యభాగము రెండవ దినవృత్తాంతముల గ్రంథము 16వ అధ్యాయము, 12వ వచనము. యూదా రాజైన ఆసాకు, ఏలుబడిలో 39వ ఏట, పాదములలో జబ్బు పుట్టింది. అప్పుడు కూడా అతడు దేవుని అడగక వైద్యులనే నమ్ముకున్నాడని అక్కడ చూస్తాము.

ఈ వచనాన్ని నేను ఒకప్పుడు తప్పుగా వాడాను. అది మీ ముందు ఒప్పుకోవాలి.

మా రామన్నపేట సంఘములో మగ్గం నేసే ఒక పెద్దాయన ఉన్నారు. మందిరము నుండి రైల్వే స్టేషనుకు నడిచేలోగా రెండు చోట్ల కూర్చునేవారు. "నాలుగడుగులేస్తే పిక్కలు పట్టేస్తున్నయి అయ్యగారూ, కూసుంటే తగ్గుతది" అనేవారు. షుగరు ఉంది, బీడీ కూడా ఉంది. డాక్టరు కాలికి డాప్లర్ స్కానింగ్ వ్రాశారు. నేను ఆసా కథ చెప్పి, నూనె రాసి, ప్రార్థన చేసి పంపించాను. ఆయన ఆ కాగితాన్ని మడిచి బైబిలులో పెట్టుకున్నారు. మూడు నెలలకు కాలి బొటనవ్రేలు నల్లబడింది.

అప్పుడు హైదరాబాదుకు తీసుకువెళ్ళి, స్కానింగ్ గదిలో ఆయన ప్రక్కన నిలబడ్డాను. మన ఊళ్ళలో స్కానింగ్ అంటే గర్భిణీలకే అనుకుంటాము. కాలికి చల్లని జెల్ రాసి, చేతిలో పట్టే చిన్న పరికరాన్ని తొడ నుండి పాదము వరకు జరిపారు. సూది లేదు, ఎక్స్‌రే కిరణాలు లేవు. మన చెవికి అందని శబ్దము లోపలికి వెళ్ళి, పరుగెత్తే రక్తకణాలను తాకి, కొంచెం మారి తిరిగి వస్తుంది. ఆ మార్పును బట్టి రక్తము వేగాన్ని యంత్రము లెక్కగడుతుంది. ఈ సూత్రాన్ని 1842లో ప్రాగ్ నగరములో చెప్పిన శాస్త్రజ్ఞుని పేరు క్రిస్టియన్ డాప్లర్. ఆయన చెప్పింది నక్షత్రాల వెలుగును గూర్చి, కాళ్ళను గూర్చి కాదు! తెరమీద ఎరుపు, నీలము చూసి మంచి రక్తము, చెడు రక్తము అని కంగారుపడకండి. పరికరము వైపు వచ్చేది ఒక రంగు, దూరముగా పోయేది ఇంకొక రంగు, అంతే.

యంత్రములో నుండి 'ఉష్, ఉష్' అని రక్తపు చప్పుడు వినబడింది. మోకాలికి కొంచెం పైన రంగు ఆగిపోయింది. చప్పుడు లేదు. రక్తములో ప్రాణమున్నదని లేవీయకాండము నుండి ఎన్నిసార్లు బోధించానో! ఆ నిశ్శబ్దములో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

నరములో అడ్డును బెలూనుతో తెరిచారు. వ్రేలు పోయింది, పాదము నిలిచింది.

ఇంటికి వచ్చి ఆ అధ్యాయము మొదటి నుండి చదివాను. ఆసా మందిరపు వెండి బంగారములు తీసి సిరియా రాజైన బెన్హదదుకు పంపాడు. అది తప్పని చెప్పిన దీర్ఘదర్శిని బందీగృహములో వేయించాడు. కాళ్ళ జబ్బుకు ముందే అతని మనస్సు దేవుని విడిచింది. వైద్యుని దగ్గరకు వెళ్ళడము దోషమైతే, పౌలు తన ప్రియుడైన లూకాను ఏమి చేసియుండేవాడు?

పెద్దాయనను క్షమాపణ అడిగాను. "మీరు ప్రార్థన చేసిన్రు, అది తప్పు గాదు. కాగితం మడిచిపెట్టింది నేనే గద" అన్నారు.

ప్రియులారా, నడిస్తే పిక్క నొప్పి, నిలబడితే తగ్గడము, పాదము మీద మానని పుండు ఉంటే డాక్టరుకు చూపించండి. షుగరు ఉన్నవారికి స్పర్శ తగ్గి నొప్పే తెలియకపోవచ్చు. చీలమండ దగ్గర బి.పి. చూసి చేతి బి.పి.తో పోలుస్తారు. అది చేతిదానిలో పదింట తొమ్మిది వంతులకంటె తక్కువైతే రక్తనాళములో అడ్డు ఉందని అనుమానించాలి. కాలు హఠాత్తుగా చల్లబడి పాలిపోతే మాత్రం తెల్లవారేదాకా ఆగవద్దు. ఈ రాత్రి మీ ఇంటి పెద్దవారి పాదములను వెలుగులో పట్టుకొని చూడండి.

ప్రార్థించుకొందము. పరలోకపు తండ్రీ, ఈ మాటలు వినుచున్న ఏ ఇంటిలోనైనా అట్టి కాగితము బైబిలులో మడిచియుంటే, దానిని తీసి రేపు బస్సు ఎక్కుటకు ధైర్యము దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.