యంత్రం కొనేముందు అడగవలసినవి



యంత్రాలు తయారుచేసే కంపెనీలు నేడు యంత్రం అమ్మి ఊరుకోవడం లేదు. దానితోపాటు ఒక ‘ప్లాట్‌ఫాం’ పెడుతున్నాయి. సంత వంటిదన్నమాట: స్థలం కంపెనీది, వచ్చి చేరేవారు పలువురు. అమెరికాలో 1837లో ఉక్కు నాగలితో పేరుపడిన జాన్ డీర్‌నే చూడండి. దాని ట్రాక్టరు దున్నిన లెక్క, కోసిన పంట లెక్క కంపెనీవారి ఆపరేషన్స్ సెంటర్‌లో చేరుతున్నవి. ఇతర కంపెనీల సాఫ్ట్‌వేర్ కూడా అక్కడే కలుస్తుంది. రైతుకు సౌకర్యమే, కాదనము. కాని మరమ్మతుకు కావలసిన పూర్తి సాఫ్ట్‌వేర్ డీలర్లకే ఇస్తున్నారని తగవు వచ్చింది. 2023 జనవరిలో అక్కడి రైతుల సమాఖ్యతో ఒప్పందం కుదిరింది. అయినా 2025 జనవరిలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దావా వేసింది.

మన సంఘాలలోనూ తూకం, వెన్న శాతం, బిల్లు ఒకే యంత్రంలో కలుస్తున్నవి. కొటేషన్లలో ధర ఒక్కటే చూడడం తనిఖీలలో మేము తరచు గమనిస్తున్నాము. లెక్కలు ఎవరి వద్ద ఉంటాయి? యంత్రం మారిస్తే సభ్యుల పాత ఖాతాలు మన చేతికి ఇస్తారా? బయటి మెకానిక్ బాగుచేయవచ్చునా? ఏటేటా రుసుము ఎంత? ఇవన్నీ సంతకానికి ముందే ఒప్పందంలో వ్రాయించండి. ఖాతాలన్నీ లోపల చేరిన పిదప బేరమాడడం కష్టం. ఇప్పటికే కొన్న సంఘాలలో కార్యదర్శి నెలకొకసారి లెక్కల ప్రతిని విడిగా తీసి సంఘ కార్యాలయంలో భద్రపరచవలెను.