బరువు లారీ నిలుపుడు బ్రేకు: లోపమెక్కడో కనిపెట్టుట



పైరుల సంగతి చెప్పవలసిన అధ్యాపకుడు లారీ బ్రేకుల సంగతి ఎత్తుకొన్నాడేమా అని మీకు తోచవచ్చును. కాయ కోసి, కల్లంలో ఎండబెట్టి, టిక్కీలు కుట్టినంత మాత్రాన మన పని ముగియదు. సరుకు గుంటూరు మిర్చి యార్డుకో, శీతల గిడ్డంగికో చేరవలెను. లారీ మనది కాకపోవచ్చును గాని, దాని వెనుక నిలిచి బస్తాలెత్తే మనుషులు మన ఊరివారే.

కొన్నాళ్ల క్రిందట తామర పురుగు చూడబోయి, కాలువ కట్ట ప్రక్కనున్న ఒక కల్లంలో ఆగాను. లారీ కట్ట ఎక్కే వాలులో నిలిచి ఉన్నది. సగానికి పైగా బస్తాలెక్కే వరకు కదలలేదు. ఆ తరువాత వెనుక చక్రానికి పెట్టిన రాయిని నెట్టుకొంటూ రెండడుగులు జారినది. వెనుకనున్న హమాలీ ప్రక్కకు దూకి బ్రతికాడు. డ్రైవరు మాత్రం, “రాత్రే నల్లమల ఘాటు దిగి వచ్చానండీ, బ్రేకులు బాగున్నాయి” అన్నాడు. అతడు అబద్ధమాడలేదు. ఘాటులో పనిచేసినది కాలి బ్రేకు. కల్లంలో పనిచేయవలసినది చేతి బ్రేకు. రెండింటికీ డ్రమ్ము, లైనర్లు ఒకటే అయినా, వాటిని బిగించే బలం వేరు.

కాలి బ్రేకును గాలి బిగిస్తుంది. చేతి బ్రేకును బిగించేది స్ప్రింగు. వెనుక ఇరుసు వద్ద, మెకానిక్కులు బూస్టరు అని పిలిచే డబ్బాలో గట్టి స్ప్రింగు ఉంటుంది. బండి నడిచేటప్పుడు గాలి ఆ స్ప్రింగును అణచి ఉంచుతుంది. డ్రైవరు చేతి మీట లాగగానే గాలి బయటికి పోయి, స్ప్రింగు విచ్చుకొని బ్రేకు పట్టుతుంది. కనుక గాలి లేకపోతే ఈ బ్రేకు పట్టవలెనే గాని వదలరాదు. “గాలి దిగిపోయింది, అందుకే జారింది” అని ఎవరైనా అంటే నమ్మవద్దు.

సగం బస్తాలెక్కే దాకా ఎందుకు ఆగినది? లెక్క చూడండి. ఖాళీ లారీ ఆరు టన్నులనుకొందాము. పది అడుగులకు అడుగు వాలు ఉన్నచోట దానిని క్రిందికి లాగే బలం సుమారు 600 కిలోలు. టిక్కీ 45 కిలోల చొప్పున 200 టిక్కీలు ఎక్కితే మరి తొమ్మిది టన్నులు. అప్పుడు లాగుడు 1,500 కిలోలు. కుంటి బ్రేకు మొదటి దానికి ఆగి, రెండవ దానికి ఓడిపోతుంది. మంచి స్థితిలోనున్న బ్రేకు నిండు బరువుతో నూటికి 18 వంతుల వాలులో నిలువవలెనని ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన. మన కల్లం వాలు నూటికి పదే. అక్కడ జారినదంటే నేలది కాదు తప్పు.

లోపం చూడడానికి లారీని చదునైన గట్టి నేలపై నిలిపి, ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు చెక్కలు పెట్టించండి. డ్రైవరు ఇంజను నడిపి గాలి పూర్తిగా నింపి, చేతి మీట వదలి, మరల లాగవలెను. మీరు బండి క్రిందికి దూరక, ప్రక్కన కూర్చొని డబ్బా నుండి వచ్చే కడ్డీని చూడండి. రెండు ప్రక్కలా కడ్డీ ఒకే తీరున కదలవలెను. సుమారు రెండంగుళాలు దాటి బయటికి వస్తే స్లాక్ అడ్జస్టరు వదులైనదనో, లైనర్లు అరిగినవనో గుర్తు. అంత దూరం విచ్చుకొన్న స్ప్రింగులో ఇక బిగువు మిగలదు. ఒక వైపు కడ్డీ అసలు కదలకపోతే స్ప్రింగు విరిగి ఉండవచ్చును. అప్పుడు దారిలో డబ్బా లోపల గలగలమంటుంది. లేదా కామ్ షాఫ్టు త్రుప్పు పట్టి బిగిసి ఉండవచ్చును.

మూడవ కారణం తరచు కనబడేది, ఎవరికీ తట్టనిది. దారిలో గాలి పోయి బండి ఆగినప్పుడు, దానిని కదల్చడానికి మెకానిక్కు డబ్బా వెనుకనున్న బోల్టు త్రిప్పి స్ప్రింగును అణచి కట్టేస్తాడు. పని అయిన తరువాత దానిని మరల యథాస్థానానికి తేవడం మరచిపోతాడు. కాలి బ్రేకు చక్కగా పనిచేస్తుంది కనుక డ్రైవరుకు తెలియదు. ఆ చక్రానికి చేతి బ్రేకు లేనట్లే. కడ్డీ కదలని ప్రక్కన మొదట ఈ బోల్టునే చూడమని చెప్పండి.

కడ్డీలు రెండూ సరిగా కదిలినా బండి నిలువకపోతే, లైనర్లకు నూనె అంటినదేమో చూడవలెను. హబ్ సీలు కారితే చక్రం లోపలి అంచున నల్లని తడి కనబడుతుంది. నూనె త్రాగిన లైనరును తుడిచి లాభం లేదు, మార్చవలసినదే.

బ్రేకు వదలకపోవడం వేరొక జబ్బు. ముల్లు నాలుగైదు కిలోలకు దిగువన ఉంటే స్ప్రింగు పూర్తిగా అణగదు. కొంతసేపు ఇంజను నడపండి. ముల్లు ఏడెనిమిదికి ఎక్కినా ఒక్క చక్రమే వదలకపోతే ఆ చక్రానికి పోయే గొట్టం, డయాఫ్రం చూడవలెను. అన్నీ వదలకపోతే చేతి మీట వాల్వును అనుమానించండి. వానలో జిన్నింగు మిల్లు ముందు రోజుల తరబడి నిలిచిన పత్తి లారీకైతే లైనరు త్రుప్పుతో డ్రమ్ముకు అంటుకొని ఉండవచ్చును. ముందుకు, వెనుకకు మెల్లగా కదిపితే ఊడుతుంది. ఇంజను రంకె వేయించి లాగితే లైనరు చిట్లుతుంది.

బుస్సుమనే చప్పుడు ఎప్పుడు వస్తున్నదో చెవి పెట్టి వినండి. చేతి బ్రేకు వదలినప్పుడు డబ్బా వద్ద వస్తే స్ప్రింగు వైపు డయాఫ్రం చిరిగినది. చేతి బ్రేకు లాగి ఉండగా, కాలి బ్రేకు త్రొక్కినప్పుడు మీట వాల్వు నుండి వస్తే డబ్బా నడిమి సీలు పోయినది. సబ్బునీళ్లు పూస్తే చోటు తెలుస్తుంది. ఈ రెండు ముక్కలు చెప్పగలిగితే మెకానిక్కు పని సగం తగ్గుతుంది.

డబ్బా పట్టీని మాత్రం ఎవరూ విప్పరాదు. లోపలి స్ప్రింగు టన్నుకు దగ్గర బలంతో అణగి ఉంటుంది. ఎగిరితే మనిషి మిగలడు.

మనలో చాలామంది టిక్కీలు ట్రాక్టరు ట్రాలీలోనే తోలుతారు. ట్రాలీకి బ్రేకు లేకపోతే నాలుగైదు టన్నుల బరువును ట్రాక్టరు రెండు వెనుక చక్రాలే పట్టి నిలుపవలెను. పొలంలో మలుపుల కోసం విడదీసిన రెండు బ్రేకు పెడళ్లను రోడ్డెక్కక ముందే కొక్కెముతో కలపండి. విడిగా ఉంచి ఆపు మీట వేస్తే ఒక్క చక్రమే ఆగుతుంది. ఎగుమతి జరిగేంతసేపు ట్రాలీ చక్రానికి చెక్క ఉండవలెను, దానిని తీసేవాడు ప్రక్కనుండి తీయవలెను, ట్రాలీకి వెనుక నిలిచి కాదు.