ఉండడానికి ఇల్లు, వెళ్ళడానికి చోటు
(కుటుంబ హింసపై స్మారకోపన్యాసం)



ఎవరి జ్ఞాపకార్థం మనం ఇక్కడ చేరామో ఆవిడ ఈ ఊళ్ళో తరాల పిల్లలకు చదువు చెప్పిన పంతులమ్మగారు. బడి వదిలాక ఆవిడ ఇంటి అరుగు మీద ఎవరో ఒక ఆడమనిషి కూర్చుని ఉండేదని ఇక్కడి పెద్దలు చెబుతారు. ఒకరికి అర్జీ రాసిపెట్టేవారు. ఒకరికి తోడుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్ళేవారు. ఇంకొకరిని పిల్లలతో సహా తన ఇంట్లోనే ఉంచుకునేవారు. ఈ మూడింటిలోనూ చివరిది అన్నిటికన్నా పెద్ద సాయమని న్యాయవాదిగా పనిచేసిన ఏళ్ళన్నీ నాకు నేర్పాయి. అందుకే ఈ వేదిక మీద కుటుంబ హింస గురించి మాట్లాడాలనుకున్నాను.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఇంట్లో హింస మొదలవడానికి కోపం, మందు, కట్నం, అనుమానం వంటివి ఎన్నో ఉండవచ్చు. అది ఏళ్ళ తరబడి సాగడానికి మాత్రం ఒకటే ఆధారం: “ఇది ఎక్కడికి పోతుందిలే” అన్న ధీమా. ఆ ధీమా పోవాలి. చట్టమైనా, ఆస్తి అయినా, పుట్టిల్లయినా అందుకు పనికొచ్చినప్పుడే ఆడవాళ్ళకు అక్కరకొస్తాయి.

మన లెక్కలు

2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 18 నుంచి 49 ఏళ్ళ వివాహిత స్త్రీలను భర్తల ప్రవర్తన గురించి అడిగింది. శారీరకంగానో లైంగికంగానో హింస అనుభవించామన్నవారు దేశం మొత్తం మీద నూటికి 29 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 30 మంది. తెలంగాణలో దాదాపు 37 మంది. ఆదాయంలో ముందుకు వెళ్ళామని చెప్పుకునే రెండు రాష్ట్రాలివి.

అదే సర్వే ఇంకో ప్రశ్న కూడా వేసింది. చెప్పకుండా బయటికి వెళ్తే, ఎదురు మాట్లాడితే, వంట సరిగా చేయకపోతే, పిల్లల్ని పట్టించుకోకపోతే, అత్తమామలకు మర్యాద ఇవ్వకపోతే... ఇలాంటి కారణాల్లో ఏ ఒక్కదానికైనా భర్త భార్యను కొట్టడం తప్పు కాదంటారా అని. దేశంలో నూటికి 45 మంది స్త్రీలు తప్పు కాదన్నారు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అలా అన్నవారు నూటికి సుమారు 84 మంది.

ఈ అంకె చూసి మన ఆడవాళ్ళను నిందించేవారున్నారు. నేను నిందించను. చిన్నప్పుడు అమ్మమ్మ నోటా, పెళ్ళినాడు పెద్దల నోటా, దెబ్బలు తిని వచ్చిన రోజు కన్నతల్లి నోటా వినే మాట “సర్దుకుపో” ఒక్కటే అయినప్పుడు, తిరుగుదారి లేదని తెలిసిన మనిషి తనకు జరుగుతున్నదానికి ఏదో ఒక న్యాయం వెతుక్కుంటుంది. లేకపోతే రేపు పొద్దున లేచి అదే ఇంట్లో పొయ్యి వెలిగించడం ఎలా?

మరో అంకె ఇంకా బరువైనది. దేశంలో హింసకు గురైనవారిలో సాయం కోరింది నూటికి 14 మంది. 77 మంది ఎవరి సాయమూ కోరలేదు, ఎవరికీ చెప్పుకోనూ లేదు. కోర్టులో, స్టేషన్లో మనం చూసే కేసులు ఈ మిగిలిన కొద్దిమందివి.

కారణాలేవి, సాకులేవి

మొదటి కారణంగా అందరూ మందునే చెబుతారు. తరచూ తాగి వచ్చే భర్తలున్న స్త్రీలలో నూటికి 70 మంది హింసకు గురయ్యారని ఆ సర్వేయే చెప్పింది. మద్యం పాత్రను ఎవరూ కాదనలేరు. కానీ భర్త అసలు తాగని స్త్రీలలో కూడా నూటికి 23 మంది హింసకు గురయ్యారు. ఆ ఇళ్ళలో నేరం ఏ సీసా మీద వేద్దాం?

ఇది ఎవరికి వారు ఒంటరిగా భరించవలసినది కాదని 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ఎవరి ఉపన్యాసమూ వినకుండానే గ్రహించారు. అక్షరాస్యత తరగతుల్లో చదువుకుంటూ, తమ బతుకుల గురించి కలిసి మాట్లాడుకుంటూ, ఊళ్ళో సారా దుకాణాన్ని ఎత్తివేయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు నుంచి సారా నిషేధం వచ్చింది. సారా పోవడం ఒక విజయం. దానికన్నా పెద్ద విజయం, ఎవరింట్లో వారు నోరు నొక్కుకుని భరిస్తున్నదాన్ని పదిమంది కలిసి ఊరి విషయం చేయడం. ఫలానా ఇంట్లో ఈ రాత్రి గొడవ జరిగితే పక్కింటివాళ్ళు తలుపు తడతారన్న భయం మగవాళ్ళకు కలగడం.

కట్నం సంగతి. కట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. ఈనాటికీ పెళ్ళి చూపుల తర్వాత జరిగే మొదటి మాట ఇచ్చిపుచ్చుకోవడాల గురించే. కట్నం ఇచ్చిన తండ్రి కూతురికి భద్రత కొన్నానని అనుకుంటాడు. అవతలివాళ్ళకు మాత్రం, అడిగితే ఇచ్చే ఇల్లు ఇది అని తెలుస్తుంది. మొదటి పండక్కి బండి, పురిటికి బంగారం, ప్లాటు కొనడానికి మరికొంత... ప్రతిసారీ ఆ అమ్మాయి వీపే వసూలు కేంద్రమవుతుంది.

మరి సంపాదించే ఆడవాళ్ళో? జీతం పడగానే ఏటీఎం కార్డు భర్త చేతికి ఇచ్చే ఉద్యోగినులను, సెల్‌ఫోన్‌లో ఎవరెవరితో మాట్లాడిందో రోజూ లెక్క చెప్పే టీచర్లను, నర్సులను నేను నా ఆఫీసు గదిలో చూశాను. సంపాదన ఉండడం వేరు, దాని మీద అధికారం ఉండడం వేరు. ఇంట్లో ఎవరు శాసించాలి, ఎవరు లోబడాలి అన్న పాత ఏర్పాటును నిలబెట్టుకోవడానికి చేయి లేస్తుంది. మందు, కట్నం, అనుమానం ఆ చేతికి దొరికే సాకులు.

దెబ్బ తగిలేది ఎవరికి

ఆసుపత్రికి వచ్చిన స్త్రీ “బాత్రూంలో జారిపడ్డాను” అంటుంది. కాలిన గాయాలతో వస్తే “స్టవ్ పేలింది” అంటుంది. పక్కనే అత్తగారో భర్తో నిలబడి ఉండగా అంతకన్నా ఏం చెప్పగలదు? చెవిలో హోరు, నిద్ర పట్టకపోవడం, తగ్గని నడుంనొప్పి, గర్భం పోవడం, బతుకు మీద విరక్తి... వీటన్నిటికీ మందుల చీటీలు ఉంటాయి, అసలు కారణం మాత్రం ఏ చీటీ మీదా ఉండదు.

పిల్లల సంగతి మనం మరీ తక్కువగా మాట్లాడతాం. వాకిట్లో నాన్న బండి చప్పుడు వినగానే పుస్తకం మూసేసి గోడ వైపు తిరిగి పడుకునే పిల్లలున్నారు. వాళ్ళు నిద్రపోరు, వింటుంటారు. తల్లిని తండ్రి కొట్టగా చూస్తూ పెరిగిన ఆడపిల్లలు పెద్దయ్యాక భర్త చేతిలో దెబ్బలు తినే అవకాశం ఎక్కువని ఈ సర్వేలు వరసగా చెబుతూనే ఉన్నాయి. పిల్లల కోసమే ఈ కాపురం ఈడుస్తున్నానని ప్రతి తల్లీ అంటుంది. ఆ కాపురం ఆ పిల్లలకు ఏం నేర్పుతున్నదో మనం ఆలోచించాలి.

చట్టం నడిచిన దారి

ఇంట్లో జరిగే హింసను మన దేశంలో ప్రత్యేక నేరంగా గుర్తించింది 1983లో. భర్త గాని, అతని బంధువులు గాని పెట్టే క్రూర హింసకు మూడేళ్ళ వరకు జైలుశిక్ష విధించే 498ఏ సెక్షన్ అప్పుడు శిక్షాస్మృతిలోకి వచ్చింది. 1986లో వరకట్న మరణాలకు 304బి వచ్చింది. పెళ్ళయిన ఏడేళ్ళలోపు అసహజంగా మరణిస్తే, ఆ మరణానికి ముందు కట్నం కోసం వేధించారని రుజువైతే, కనీస శిక్ష ఏడేళ్ళు. 2024 జులై 1 నుంచి, ఆ శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇవే 85, 86, 80 సెక్షన్లుగా ఉన్నాయి.

ఇవి అవసరమైన చట్టాలు. అయితే ఇవి జరిగిపోయినదానికి శిక్ష వేస్తాయి. ఆ రాత్రి ఆమె ఎక్కడ పడుకోవాలో చెప్పవు. కేసు పెట్టిన మరుక్షణం ఆ ఇంటి తలుపు ఆమెకు మూసుకుపోయేది. అందుకే ఎందరో దెబ్బలనే ఎంచుకున్నారు.

2005లో వచ్చిన గృహహింస నిరోధక చట్టం ఈ లోటును పూరించింది. అది 2006 అక్టోబరు 26 నుంచి అమల్లోకి వచ్చింది. కొట్టడమే కాదు, లైంగిక హింస, మాటలతో మానసికంగా చంపడం, డబ్బు ఇవ్వకుండా, సంపాదన లాక్కుని కట్టడి చేయడం కూడా హింసేనని అది చెప్పింది. భార్యకే కాక తల్లికి, అక్కచెల్లెళ్ళకు, కూతురికి, పెళ్ళి లేకుండా పెళ్ళివంటి బంధంలో ఉన్న స్త్రీకి కూడా రక్షణ ఇచ్చింది. నా దృష్టిలో ఈ చట్టానికి గుండెకాయ 17వ సెక్షన్. ఆ ఇంటి మీద తనకు ఏ హక్కు పత్రమూ లేకపోయినా, కలిసి కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకుందని అది ప్రకటించింది. ఆమెను వెళ్ళగొట్టవద్దని, అవసరమైతే అతన్నే బయటికి వెళ్ళమని, లేదా ఆమెకు వేరే ఇల్లు చూపి అద్దె కట్టమని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు.

చట్టం అమల్లోకి వచ్చి రెండు నెలలైనా కాకముందే ఆ గుండెకాయకు దెబ్బ తగిలింది. 2006 డిసెంబరులో బాత్రా కేసులో, అత్తగారి పేరున ఉన్న ఇంటిలో కోడలు ఈ హక్కు అడగలేదని సుప్రీంకోర్టు చెప్పింది. మన దేశంలో ఎన్ని ఇళ్ళు కొడుకుల పేరున ఉంటాయి? అమ్మ పేరునో నాన్న పేరునో ఉంటాయి. ఆ ఒక్క తీర్పుతో ఎందరో కోడళ్ళు వీధిన పడ్డారు. 2020 అక్టోబరు 15న సతీష్ చందర్ ఆహూజా కేసులో సుప్రీంకోర్టే ఆ తీర్పును తోసిపుచ్చి, ఇల్లు అత్తమామల పేరున ఉన్నా కలిసి కాపురమున్న ఇల్లు కాగలదని చెప్పింది. మధ్యలో దాదాపు పద్నాలుగేళ్ళు పోయాయి.

కాగితానికీ గడపకూ మధ్య

గృహహింస చట్టం కింద వేసిన కేసులో మొదటి విచారణ మామూలుగా మూడు రోజుల్లో జరగాలని, అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. వాయిదాల కోసం చంకలో బిడ్డతో కోర్టు మెట్లెక్కే తల్లులకు ఈ గడువు సంగతి చెప్పడానికి నాకు నోరు రాదు. చట్టం ప్రకారం నియమితులైన రక్షణాధికారులకు చాలాచోట్ల ఇతర బాధ్యతలు తలకు మించి ఉంటాయి. స్టేషన్లో మొదటి ప్రయత్నం రాజీ. ఊళ్ళో పెద్దమనుషుల పంచాయితీ తీర్మానమూ రాజీయే. రాజీ తప్పు కాదు. కానీ హింస ఆగుతుందన్న పూచీ ఎవరూ ఇవ్వకుండా ఆమెను అదే గదిలోకి తిరిగి పంపడాన్ని రాజీ అనలేం.

చట్టం దుర్వినియోగమవుతున్నదన్న వాదన కూడా ఉంది. ఏ చట్టమైనా దుర్వినియోగం కావచ్చు. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, అవసరం ఉందో లేదో చూడకుండా యాంత్రికంగా అరెస్టులు చేయవద్దని పోలీసులను ఆదేశించింది. అది మంచి జాగ్రత్త. నిర్దోషి అయిన ముసలి అత్తగారిని లాకప్‌లో పెట్టడం ఏ స్త్రీకీ న్యాయం కాదు. అయితే నూటికి 77 మంది నోరే విప్పని దేశంలో, నోరు విప్పిన ప్రతి స్త్రీనీ మొదట అనుమానంతో చూడడం ఘోరమైన అన్యాయం.

ఆస్తి, పుట్టిల్లు

కేరళలో తిరువనంతపురం జిల్లాలో ప్రదీప్ పాండా, బీనా అగర్వాల్ చేసిన అధ్యయనం 2005లో వెలువడింది. భూమి గాని ఇల్లు గాని లేని స్త్రీలలో నూటికి 49 మంది శారీరక హింస అనుభవించారు. రెండూ తమ పేరున ఉన్నవారిలో నూటికి 7 మందే. తన పేరున ఒక గది ఉన్న స్త్రీ అందులోకి వెళ్ళినా వెళ్ళకపోయినా, వెళ్ళగలదన్న సంగతి అవతలివాడికి తెలుస్తుంది. ఆ తెలియడమే సగం రక్షణ.

ఈ విషయంలో తెలుగువాళ్ళకు ఒక ఘనత ఉంది. పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇస్తూ ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. దేశానికంతటికీ అలాంటి సవరణ వచ్చింది 2005లో. ఇరవై ఏళ్ళు ముందున్నాం. ఆ హక్కును ఎన్ని ఇళ్ళలో అమలు చేశాం? పెళ్ళినాడే ‘నాకేమీ అక్కర్లేదు’ అని ఆడపిల్ల చేత సంతకం పెట్టించుకున్న తండ్రులు, అన్నదమ్ములు ఎందరో మీకే తెలుసు. కట్నంగా అల్లుడి చేతిలో పోసే సొమ్ముతో అమ్మాయి పేరున ఒక చిన్న ఇల్లు రిజిస్టరు చేస్తే, అది ఆమెకు జీవితాంతం అండ.

ఆస్తి లేనివారికి? సాయం కోసం ఫోన్ చేయడానికి 181, 112 నంబర్లున్నాయి. సఖి కేంద్రాల్లో తాత్కాలిక ఆశ్రయం, వైద్యం, న్యాయ సలహా ఒకేచోట దొరుకుతాయి. ఆదాయంతో పని లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. అందుకు 15100కు ఫోన్ చేయవచ్చు. ఈ నంబర్లు మీ పని మనిషికి, మీ పక్కింటి కోడలికి తెలుసో లేదో కనుక్కోండి.

ఇక మనం చేయవలసినది

వైద్యులను కోరుతున్నాను: ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి, ఉన్నది ఉన్నట్టు రాయండి. పోలీసు అధికారులను కోరుతున్నాను: రాజీ మాట ఎత్తేముందు ఆమెకు ఉన్న హక్కులన్నీ చెప్పండి, అది మీ చట్టబద్ధమైన బాధ్యత. పొరుగువారిని కోరుతున్నాను: కేకలు వినిపిస్తే టీవీ శబ్దం పెంచకండి, వెళ్ళి తలుపు తట్టండి. ఇక్కడున్న యువకులను కోరుతున్నాను: కట్నం తీసుకోకండి, చేయెత్తకండి, చేయెత్తే స్నేహితుణ్ణి సమర్థించకండి.

అన్నిటికన్నా ఎక్కువగా తల్లిదండ్రులను, అన్నదమ్ములను వేడుకుంటున్నాను. పరువు పోతుందని ఆమెను వెనక్కి పంపకండి. కూతురి శవాన్ని తెచ్చుకున్నాక ఏ పరువూ మిగలదు. ఈ రాత్రి ఇంటికి వెళ్ళాక పెళ్ళయిన మీ ఆడపిల్లకు ఫోన్ చేయండి. కారణం అడగం, ఎన్నాళ్ళుంటావని అడగం, ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు రా తల్లీ, ఈ ఇల్లు నీది అని ఆమెకు చెప్పండి, అల్లుడికీ వినబడేట్టు చెప్పండి.