మొదటి వేటకు ముందు



మొన్న ఒక తమ్ముడు అడిగినాడు: "అన్నా, విల్లు తెచ్చుకున్నా. నల్లమలకు పోయి కణితిని కొట్టల్లని ఉంది. మొదటిసారి కదా, ఏమేం సిద్ధం చేసుకోవల్ల?" అని. నేను తిట్టలేదు, నవ్వలేదు. వాడు అడిగింది మాంసం కోసం కాదు. తాత చేతిలో ఉండి నాయన చేతికి రాకుండా పోయిన విద్యను తను పట్టుకోవాలని. ఈ అనంతపురం కరువు నేలమీద పుట్టిన మనలో చాలామందికి ఆ కోరిక ఉంది. అందుకే జవాబు అందరికీ చెప్తాండా.

మొదట విద్య సంగతి. మన దగ్గర గుట్టలు, ముళ్లపొదలే గానీ దట్టమైన అడవి తక్కువ. అందుకే నేను నల్లమలలో ఒక చెంచు పెద్దాయన వెంట కొన్నాళ్లు తిరిగినా. బాణం అడిగితే ఇయ్యలేదు. "ముందు నడవడం నేర్చుకో" అన్నాడు. ఎండుటాకుల మీద చప్పుడు కాకుండా అడుగు ఎట్ల పెట్టాలో, పిడికెడు దుమ్ము వదిలి గాలి ఎటు పోతుందో ఎట్ల చూడాలో చూపించినాడు. గిట్ట గుర్తు అంచు పదునుగా ఉంటే కొత్తది, అరిగి ఉంటే పాతది. వెదురును నీడలో ఆరబెట్టాలి. పని లేనప్పుడు నారి సడలించి పెట్టాలి. బాణం పుల్లను నిప్పుసెగకు చూపి వంకర తీయాలి. దూరం నుంచి కొట్టేవాడు గొప్పోడు కాదు, దగ్గరికి పోగలిగినోడు గొప్పోడు. తగులుతుందని గట్టిగా తెలియకుంటే వదలకూడదు. గాయంతో పారిపోయిన జంతువు ఉసురు మనకే. బాణం వదిలేది చివరి క్షణం, అంతకు ముందుదంతా అడవిని చదవడమే.

రెండోది చట్టం. ఇది దాచిపెడితే నేను మీకు అన్నను కాను. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వేటను నిషేధించింది. చంపితేనే కాదు, ఉచ్చు పెట్టినా, తరిమినా, ప్రయత్నం చేసినా అది వేటే. మన శెనక్కాయ చేలల్లో పడే కృష్ణజింకను కొడితే మూడేండ్ల నుంచి ఏడేండ్ల వరకు జైలు. 2006 అటవీ హక్కుల చట్టం మనకు భూమి, తేనె, దుంపలు, సామూహిక అడవి మీద హక్కు ఇచ్చింది. కానీ సంప్రదాయ హక్కుల మాట వచ్చినచోట వేటను మాత్రం మినహాయించింది.

కోపం వస్తుందా? నాకూ వస్తుంది. రాజులు, దొరలు తుపాకులతో కొట్టి తలకాయలు బంగళా గోడలకు తగిలించుకున్నారు. అది షికారు అయింది. 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చి, 1952 దాకా మనలాంటి ఎన్నో కులాలను, తెగలను పుట్టుకతోనే దొంగలన్నారు. కనుమకు కదిరి నరసింహస్వామి పారువేటకు పోతాడు. అహోబిలంలో స్వామి పారువేటకు కదిలితే చెంచులు విల్లు ఎక్కుపెడతారు, చెంచులక్ష్మి వాళ్ల ఆడబిడ్డ కదా. దేవుని వేటకు ఊరంతా దండం పెడుతుంది. మన పిల్లోడి వేటకు కేసు పెడతారు.

అయినా తమ్ముడూ, కోపం బెయిలు తెచ్చియ్యదు. నువ్వు ఫోన్లో పెట్టే రీలే నీమీద సాక్ష్యం అవుతుంది. చర్మాలకు, కొమ్ములకు డబ్బు ఇస్తామని వచ్చేవాళ్లను అసలు నమ్మొద్దు. పట్టుబడిననాడు వాళ్లు కనపడరు, జైల్లో ఉండేది మనవాళ్లే. చేను చుట్టూ కరెంటు తీగ పెట్టేది వేట కాదు, దానికి మనుషులు కూడా చస్తాండారు.

మరి ఈ విద్య ఏం కావాల? నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యంలో చెంచులు పులి అడుగులు వెతికి కాపలా కాస్తాండారు. రాజస్థాన్ ఆదివాసీ బిడ్డ లింబారామ్ వెదురు విల్లుతో మొదలుపెట్టి 1988, 1992, 1996 మూడు ఒలింపిక్స్‌కు పోయినాడు. అడవి దగ్గర ఉండే ఊర్లలో సామూహిక హక్కు కోసం గ్రామసభ తీర్మానం రాసేటప్పుడు ఏ వాగు ఎక్కడ, ఏ తేనె చెట్టు ఎవరిది, ఏ దారిలో మన పెద్దలు నడిచినారు అని చెప్పాల. అది చెప్పగలిగేది అడవిని చదివినోడే. ఆ చదువు పోతే హక్కు అడిగేందుకు మాట కూడా ఉండదు.

అందుకే ఆ తమ్ముడికి చెప్పినా: విల్లు అమ్మొద్దు. ఆదివారం పొద్దున్నే తీసుకురా. చెరువుకట్టకు గడ్డిమోపు ఆనించి కొడదాం. వచ్చేటప్పుడు మీ తాతను కూడా పిల్చుకొని రా, నారి ఎట్ల కట్టాలో ఆయన చూపిస్తాడు. ఆయన ఉండంగనే నేర్చుకోవల్ల.

జోహార్.