పట్టా పుస్తకము – కౌలు పుస్తకము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఇబ్రహీంపట్నములో మంచి తెలుగు పుస్తకము కొనదలచినవాడు ఒకప్పుడు బస్సెక్కి నగరమునకు పోవలసి యుండెను. కాచిగూడ, కోఠి అంగళ్ళు తిరిగి, అచ్చట దొరకనిచో ఆదివారమునాడు ఆబిడ్స్ కాలిబాటపై పరచిన పాత పుస్తకముల గుట్టలలో వెదకి, దీపాలవేళకు ఇల్లు చేరెడివాడు. నేడు ఫోనుపై వ్రేలు మోపినచో నాలుగు దినములలో పుస్తకము గుమ్మము ముందర వచ్చి వ్రాలుచున్నది. ఈ సదుపాయము కల్పించిన వర్తకులలో అగ్రగణ్యము అమెజాన్ అను అమెరికా సంస్థ. అది 1995లో పుస్తకముల విక్రయముతోనే వ్యాపార మారంభించినది; 2013 జూన్‌లో మన దేశమున అంగడి తెరచినది. పెద్ద సంస్థ యగుటచేతనే నిందించుట న్యాయము కాదు. పుస్తకాల దుకాణము లేని ఊరికి అది చేసిన మేలు మేలే.

ఆ సంస్థ 2007లో కిండిల్ అను చదువు పలకను తెచ్చినది. ఇందులో చదువునది ఇ-పుస్తకము. కాగితము లేదు, బరువు లేదు, చెదల భయము లేదు. చూపు మందగించిన వృద్ధులకు అక్షరమును కోరినంత పెద్దది చేసి చూపును. ఇంతవరకు బాగుగానే యున్నది. చిక్కెక్కడ ననగా, 'కొనుము' అని యున్న చోట నొక్కి రొక్కము చెల్లించినవానికి దక్కునది పుస్తకము కాదు, చదువుకొనుటకు అనుమతి మాత్రమే. పట్టాకును కౌలుకును గల భేదము మన పల్లెలలో పశువులు కాయు పిల్లవానికి సైతము తెలియును. పట్టాదారు భూమి నమ్ముకొనును, బిడ్డలకు పంచును, గుడికి దానమిచ్చును. కౌలుదారు దున్నుకొనును, అంతే. కాగితపు పుస్తకము పట్టా, ఇ-పుస్తకము కౌలు. కౌలు తప్పని యెవరందురు? కౌలు కాగితముపై 'అమ్మకము' అని వ్రాయుటయే తప్పు.

ఇది మాటల చమత్కారము కాదు. 2009 జూలైలో జార్జ్ ఆర్వెల్ రచించిన '1984', 'యానిమల్ ఫారమ్' అను రెండు పుస్తకములను హక్కులేని వారు అంగడిలో చేర్చిరని తెలిసి, అమెజాన్ వానిని కొన్నవారి పలకలనుండి వారి నడుగకయే తుడిచివేసెను. సొమ్ము తిరిగి యిచ్చిన మాట నిజము. సంస్థాధిపతి జెఫ్ బెజోస్ క్షమాపణ చెప్పిన మాటయు నిజము. కాని దుకాణదారుడు రాత్రివేళ ఇంటిలో దూరి, గూటిలోని పుస్తకము తీసికొని, ఆ చోట డబ్బు పెట్టి పోయినచో ఏ గృహస్థుడు ఓర్చుకొనును? పాత వ్రాతలను ప్రభుత్వమే చెరిపివేయు రాజ్యమును గూర్చిన కథ '1984'. దానికే ఈ గతి పట్టుట ఏ కవియు కల్పింపలేని వింత. అంతటితో నాగలేదు. కొన్న ఇ-పుస్తకమును ఆ సంస్థ వెబ్‌సైటునుండి కంప్యూటరులోనికి దించి దాచుకొను మార్గము 2025 ఫిబ్రవరి 26 నుండి మూతపడినది.

గ్రంథాలయముల సంగతికి వత్తము. పల్లె గ్రంథాలయము ఎట్లు పెరుగును? సగము కొనుగోలు చేత, సగము దానము చేత. విశ్రాంత ఉపాధ్యాయుడు కాలము చేసిన పిదప ఆయన కుమారులు బీరువాతో సహా పుస్తకములు తెచ్చి అప్పగింతురు. పుటల అంచులలో ఆయన పెన్సిలు గుర్తులుండును. ఆయన చదువంతయు పలకలోని కౌలు పుస్తకములైయున్నచో కుమారులు తెచ్చి యిచ్చుట కేమున్నది? ఆబిడ్స్ కాలిబాటపైకి ఏ పాత ఇ-పుస్తకమును రాదు. పేద విద్యార్థికి సగము ధరకు దొరకదు.

ఈ నిబంధనలు గ్రంథాలయములను ఎంత దూరము తీసికొనిపోవునో అమెరికాలో చూచితిమి. 2011లో హార్పర్‌కాలిన్స్ ప్రచురణ సంస్థ, తన ఇ-పుస్తకమును గ్రంథాలయము 26 మారులు ఎరవిచ్చిన పిదప అనుమతి ముగియుననియు, మరల కొనవలసినదే యనియు విధించెను. మన గ్రంథాలయములో అట్ట యూడిన పుస్తకమునకు కుట్లు వేయించి, జిగురు పూసి, మరల బీరువాలో పెట్టుదురు. ఇరువదియారు లెక్క ఎవరు చూతురు? 2019 నవంబరులో మాక్మిలన్ సంస్థ, క్రొత్త ఇ-పుస్తకమును మొదటి ఎనిమిది వారములు ఎంత పెద్ద గ్రంథాలయ వ్యవస్థకైనను ఒక్క ప్రతియే యిత్తునని పట్టుబట్టి, గ్రంథాలయములు ఎదురు తిరుగగా 2020 మార్చిలో వెనుకకు తగ్గెను. అమెజాన్ మాట వేరు. తాను స్వయముగా ప్రచురించిన ఇ-పుస్తకములను ప్రజా గ్రంథాలయములకు 2021లో ఒడంబడిక కుదురు వరకు ఈయనే లేదు. మన గ్రంథాలయముల ధనము ప్రజల ధనము. 1960 నాటి చట్టము ననుసరించి ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలగును. ఆ పైసలతో ఊరికి ఆస్తి సమకూరవలెనా, గడువు తీరెడి అనుమతి సమకూరవలెనా?

తెలుగునకు మరియొక కష్టము. 2016 డిసెంబరులో కిండిల్ అంగడి భారతీయ భాషలకు తలుపు తెరచినప్పుడు హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళము లోనికి పోయినవి. తెలుగు బయట నిలిచినది. అంతకు ఆరేండ్ల ముందే, 2010లో, మనవారు 'కినిగె' అను తెలుగు ఇ-పుస్తకాల అంగడి నెలకొల్పిరి. మనకు పుస్తకములు లేక కాదు, చదువరులు లేక కాదు. ఇబ్రహీంపట్నము పెద్దచెరువు నిండుగ నుండవచ్చును. తూము ఒక్కని చేతిలో నున్నచో ఆయకట్టు వాని దయపై నుండును. ఇంగ్లీషు ప్రచురణకును ఆ సెగ తగిలినది. వెస్ట్‌లాండ్ అను భారతీయ ప్రచురణ సంస్థను అమెజాన్ 2016లో కొని, 2022లో మూసివేసెను. రచయితలు దిక్కు తోచక నిలిచిరి. ఆ యేడే ప్రతిలిపి సంస్థ చేయూత నిచ్చుటచే వెస్ట్‌లాండ్ మరల లేచినది గాని, అన్ని సంస్థలకు అట్టి అదృష్టము పట్టదు.

కావున ఈ గ్రంథాలయము చేయదగిన పని యొకటి కలదు. తెలంగాణమున కవులు లేరన్న మాటకు సురవరము ప్రతాపరెడ్డి గారు 1934లో 'గోలకొండ కవుల సంచిక'తో బదులు చెప్పిరి. అందు 354 మంది కవులు కనిపించిరి. ప్రతాపరెడ్డి గారు 1953లో దివంగతులైరి. మన చట్టము ప్రకారము రచయిత హక్కు మరణానంతరము 60 ఏండ్లు. అనగా వారి రచనలపై గడువు 2013తో తీరినది. వారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'ను నేడు ఎవ్వరైనను అచ్చొత్తవచ్చును, ఛాయాప్రతి తీయవచ్చును. ఇట్లు హక్కు తీరిన గ్రంథములను పుటపుటగా ఫోటో తీయించి, ఏ అంగడితోను ముడిపడని ఫైళ్ళుగా గ్రంథాలయపు కంప్యూటరులో నుంచి, అడిగినవారి ఫోనులోనికి ఉచితముగా ఎక్కింపవచ్చును. క్రొత్త పుస్తకములను మాత్రము కాగితముపైననే, వీలైనచో రెండేసి ప్రతులు, కొనవలెను. మొదటి ఫోటోలకు ఏ బీరువానుండి ఆరంభింపవలెనో కార్యవర్గము ఈ ఉత్సవము ముగియుటకు ముందే నిర్ణయించుట బాగుండును. క్రింది అరలలోని పాత ప్రతులు మరియొక వానకాలమునకు ఆగవు.